కొండెక్కే రోజున కుడిచేతి సాక్ష్యం

అరుపులు చదివి జీతం తీసుకున్నవాణ్ణి నేను. బడిలో చదివింది ఆరో తరగతి వరకే. మిగిలినదంతా సింగపూర్‌లోని బెడోక్‌లో మా సైకిలు షాపులో, స్పేర్ పార్టులు చుట్టి వచ్చిన ఇంగ్లీషు కాగితాల్లో, యూరప్ నుంచి ఆలస్యంగా దిగే పాత సైకిలు పత్రికల్లో నేర్చుకున్నాను. అలాంటివాణ్ణి ఐటీ ఊపులో, వై2కె భయం తీరిన కొత్తల్లో, ఆంగ్ మో కియోలో ఉన్న ఒక స్పోర్ట్స్ వెబ్‌సైటు వాళ్ళు పిలిచి కుర్చీ వేశారు. కార్డు మీద ‘కమ్యూనిటీ ఎడిటర్’ అని అచ్చేశారు. అసలు పని ఏమిటంటే, సైకిలు పందేల మీద అభిమానులు పంపే సందేశాలు ఒక్కొక్కటీ చదవాలి. ఏది పేజీలో పడాలో, ఏది చెత్తలో పడాలో, ఏది అందరికంటే పైన కూర్చోవాలో తేల్చాలి.

ఇప్పుడీ పనికి కోర్సులున్నాయట. చాంగీ బిజినెస్ పార్క్‌లో అంతస్తులకి అంతస్తులు ఇదే చేసే పిల్లలున్నారట. మొన్న గుళ్ళో కలిసిన ఒకమ్మాయి, “మాకు ఇటుకంత రూల్‌బుక్ ఉంది అంకుల్, మేం ఆలోచించక్కర్లేదు” అంది. నాకు ఒళ్ళు మండింది. ఆలోచించక్కర్లేని పనికి మనిషెందుకమ్మా? ఆ మంట చల్లారక ముందే ఇది రాస్తున్నాను. మా వంశం ఈ ఊరొచ్చి మూడు తరాలైంది. నా తెలుగు మా నాయనమ్మ పెట్టిన భిక్ష. తప్పులుంటే సర్దుకోండి.

కోపమే నా సర్టిఫికెట్

ఆ వెబ్‌సైటులో ఒకసారి, కొండ ఎక్కేటప్పుడు పందెగాళ్ళు ముందువైపు పెద్ద పళ్ళచక్రం వేస్తారని రాశారు. పెద్దచక్రం వేసుకుని కొండెక్కితే మోకాళ్ళు చేతికొస్తాయి. చదివినవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మూడు పేజీల ఉత్తరం చేత్తో రాసి పోస్టు చేశాను. వారం తిరక్కుండా షాపుకి ఫోనొచ్చింది.

“అంకుల్, ఇంత కోపం ఉంటే ఇక్కడికొచ్చి కోప్పడండి లా. జీతం ఇస్తాం.”

అతను జెరాల్డ్. మాట చివర ‘లా’ తగిలించడం ఈ ఊరివాళ్ళ అలవాటు. ఆ సైటు మేనేజరు, చైనీస్ కుర్రవాడు, నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న. తెలివైనవాడు, కాకపోతే గోడమీద ఉన్న ఒక తెర వంకే చూసేవాడు. నిమిషానికి ఎంతమంది పేజీ తెరిచారో ఆ తెర చెప్పేది. ఆ అంకె పెరిగితే టీ తెప్పించేవాడు, తగ్గితే మాట్లాడేవాడు కాదు.

ఆఫీసులో ఇంకొక మనిషి నాకు ముఖ్యం. పద్మజ. తెనాలి అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అభిమానుల పేజీ మొత్తం తనే రాసింది. నన్ను చూసిన మొదటిరోజే, “మీరు తెలుగువాళ్ళా! మరి ‘అలామక్’ అంటారేంటండీ?” అంది. మలాయ్‌లో అది ‘అయ్యో రామా’ లాంటి మాట. ఆ రెండూ ఒక నోట్లో ఉండకూడదని ఎవరన్నారమ్మా అన్నాను. అప్పట్నుంచి దోస్తీ.

దిద్దబోయి చెడగొట్టిన పేజీ

మొదటి నెలలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది, తప్పు కనపడితే చెయ్యి ఆగదు. ఒక స్పెయిన్ కొండ మీద అభిమానుల ఫేవరెట్ ఒకడు పడిపోయాడు. పదమూడు ‘ఓ’లు పెట్టి ‘నోఓఓఓ’ అని ఒకడు పంపాడు. నేను పన్నెండు ‘ఓ’లు తీసేసి, చివర చుక్క పెట్టి, ‘నో.’ అని పేజీలో వేశాను. ‘లేవరా లేవరా లేవరా దేవుడా’ అని పంపినవాడిది ‘దయచేసి లేవండి’ అని సరిచేశాను. ఆ పూటంతా నలభై సందేశాలు అలా ఇస్త్రీ చేశాను.

గంటలో పేజీ చచ్చిపోయింది. ఒక్కడూ రాయడం లేదు. పద్మజ వచ్చి తెర చూసి నోరు నొక్కుకుంది.

“అంకుల్, ఇది పందెమా, సంతాప సభా?”

“తప్పులు దిద్దాను.”

“వాళ్ళు ఏడుస్తున్నారండీ బాబూ. ఏడుపుకి స్పెల్లింగేంటి?”

తల దించుకున్నాను. ఆవేళ్టినుంచి అక్షరం కూడా ముట్టుకోలేదు. ముట్టుకోకుండా చదవడం మొదలెడితే, అప్పుడు పని అర్థమైంది. కొండరోజు సందేశాలకి ఒక నడక ఉంది. చదునునేల మీద పందెం సాగుతున్నంతసేపూ అభిమానులు పేరాలు పేరాలు రాస్తారు. పాత గెలుపులు, తిండి, టైర్లలో గాలి ఎంతుండాలి, వీడి తాత వాడి తాత. కొండ మొదలయ్యేసరికి పేరా కాస్తా వాక్యమైపోతుంది. ఏటవాలు పెరిగేకొద్దీ వాక్యం మాటవుతుంది, మాట కేకవుతుంది. చివరి కిలోమీటరులో అచ్చుల మోతే తప్ప హల్లు వినపడదు. తెరలో బొమ్మ లేకుండా, సందేశాల పొడవు చూసి, కొండ ఇప్పుడు ఎంత నిటారుగా ఉందో నేను చెప్పేవాణ్ణి. జెరాల్డ్ మ్యాపు తీసి సరిచూసుకునేవాడు. నా లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

పన్నెండో మలుపు

ఇక ఆరోజు. పక్కనే మలేషియాలో జరిగే పెద్ద రోడ్డు పందెం. పగలే జరుగుతుంది. అన్నింటికంటే గట్టి స్టేజి ఆవేళ. మబ్బుల్లో హోటళ్ళున్న ఒక కొండ మీదికి పాములా మెలికలు తిరిగిన దారి. పైన గీత దాటితే స్టేజి అయిపోతుంది. యూరప్ నుంచి పెద్ద జట్లు వచ్చాయి. ఆ గుంపుని వదిలి, కొండ మొదట్లోనే ముందుకు దూకాడు రోస్లాన్ అనే మలాయ్ కుర్రాడు. చిన్న జట్టు. అప్పటిదాకా ఎవరికీ తెలియని పేరు.

మా దగ్గర అప్పుడు వీడియో లేదు. కొండమీంచి ఫోనులో వచ్చే కబురు, కంప్యూటర్లు ఉన్న అభిమానుల సందేశాలు, కంప్యూటరు లేనివాళ్ళకి ఒక ఫోన్ లైను. ఆ లైనులో వాళ్ళు అరిస్తే నేను టైపు చేసి పేజీలో వేసేవాణ్ణి. అలా ఒక కేక వచ్చింది, ముందు మలాయ్‌లో, ఆ వెంటనే ఎవరినో తిడుతూ తెలుగులో, “ఓలమ్మో, ఆ ఐసుపెట్టె మూసెయ్యండర్రా, కరిగిపోతంది!”

“తెలుగేనా అమ్మా?” అన్నాను.

“నువ్వూనా! ఎవుల బాబు నువ్వు?”

ఆవిడ పేరు అప్పలనరసమ్మ. మలేషియాలోని పేరాక్ రబ్బరు తోటల్లో పుట్టిన మనిషి. ఆ కొండదారిలో పన్నెండో మలుపు దగ్గర టీ, కొబ్బరినీళ్ళు అమ్ముకుంటుంది. “జనం తిరనాలనాగ ఉన్నారు బాబూ, రోడ్డు కనపడ్డం నేదు” అని, మా రోస్లానుని గెలిపించమని నాకే చెప్పి ఫోను పెట్టేసింది. నేను గెలిపిస్తానా!

ఒంటిగంట దాటింది. రోస్లాన్ ఇంకా ముందున్నాడు. పేజీ ఊగిపోతోంది. ఆస్ట్రేలియా నుంచి ఒకడు ‘వీడెవడు వీడెవడు వీడెవడు’ అంటాడు. కోలాలంపూర్ నుంచి ఒకావిడ ‘ఆఫీసులో టేబుల్ మీదెక్కాను, బాసు కూడా ఎక్కాడు’ అంటుంది. నా వేళ్ళు ఆగడం లేదు, చొక్కా తడిసిపోయింది. పద్మజ తన పని వదిలేసి నా కుర్చీ వెనక నిలబడి, “ఎక్కరా, ఎక్కరా నాయనా” అంటోంది. ఆ అమ్మాయి జన్మలో సైకిలు పందెం చూడలేదు.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ సందేశం.

‘పన్నెండో మలుపులో నేను కళ్ళారా చూశాను. జట్టు కారు పక్కకొచ్చింది. నడిపేవాడు కిటికీలోంచి బాటిల్ ఇచ్చాడు. రోస్లాన్ కుడిచేత్తో దాన్ని పట్టుకుని వదల్లేదు. మలుపంతా కారు లాక్కెళ్ళింది.’

తెలియనివాళ్ళకి చెప్తాను. కారులోంచి నీళ్ళ బాటిల్ అందుకోవడం తప్పు కాదు. ఇచ్చేవాడు వదలకుండా, పుచ్చుకునేవాడు వదలకుండా కాసేపు పట్టుకుంటే, కారు మనిషిని ఈడ్చుకుపోతుంది. అది దొంగతనం. కొండమీద ఆ నాలుగు క్షణాల విశ్రాంతి ఎంత విలువైనదో కాళ్ళకే తెలుస్తుంది.

నాకు ఒక సిద్ధాంతం ఉండేది. అబద్ధమాడేవాడు గాల్లో మాట్లాడతాడు, చూసినవాడు వివరం చెప్తాడు. ఇతను మలుపు నంబరు చెప్పాడు, ఏ చెయ్యో చెప్పాడు. నా కళ్ళముందు బొమ్మ కట్టింది. ఇంకేం కావాలి? తీసి అన్నిటికంటే పైన పెట్టాను. పెద్ద అక్షరాల్లో పెట్టాను. పెట్టేటప్పుడు నా గుండె ఎంత ఉత్సాహంగా కొట్టుకుందో నాకింకా గుర్తుంది. ఆ ఉత్సాహమే నేరం.

మూడు కిలోమీటర్లుందనగా రోస్లాన్‌ని పెద్ద జట్లవాళ్ళు దాటిపోయారు. అయినా పదకొండోవాడుగా గీత దాటాడు. ఆసియావాళ్ళందరిలో మొదటివాడు. ఆ సంగతి పేజీలో ఎవడికీ పట్టలేదు. ‘దొంగ’, ‘కారెక్కి వచ్చాడు’, ‘జెర్సీ ఊడబెరకండి’. మూడయ్యేసరికి వేరే దేశాల సైట్లు కూడా మా పేజీని చూపించడం మొదలెట్టాయి. గోడమీద అంకె ఎప్పుడూ లేనంత ఎత్తుకి పోయింది. జెరాల్డ్ అందరికీ టీ తెప్పించాడు.

వ్యాను డ్రైవరు నేర్పిన పాఠం

మూడున్నరకి రోస్లాన్ జట్టు మేనేజరు ఫోను చేశాడు.

“పైన పెట్టింది మీరేనా? ఆ కారు నడిపింది నేను. నేనెవర్నీ లాగలేదు. కానీ మా స్పాన్సరు మీ పేజీ చదివాడు. రేపు బయల్దేరేవాళ్ళ జాబితా సాయంత్రం ఆరింటికి ఇవ్వాలి. రోస్లాన్ పేరు కొట్టెయ్యమంటున్నాడు. కొట్టేస్తే వాణ్ణి మళ్ళీ ఏ జట్టూ తీసుకోదు. తెలుసా మీకు?”

దొంగతనం చేసినవాడు చేశానంటాడా అనుకున్నాను. “చూసినవాడు చూశానన్నాడు” అని చెప్పి ఫోను పెట్టేశాను. కానీ కుర్చీలో కూర్చోలేకపోయాను. కాఫీ తాగుదామని కిందికి దిగాను.

మా బిల్డింగు కింద సరుకు వ్యాన్లు ఆగుతాయి. ఒక వ్యాను మెల్లగా కదులుతోంది. పక్కనే సైకిలు మీద ఒకాయన వెళ్తుంటే, డ్రైవరు కిటికీలోంచి భోజనం పొట్లం అందించాడు. సైకిలాయన తొక్కుతూనే ఎడంచేత్తో అందుకున్నాడు.

ఎడంచేత్తో!

నిలబడిపోయాను. మన దేశాల్లో స్టీరింగు కుడిపక్క. డ్రైవరు కుడి కిటికీలో ఉంటాడు. సైకిలు ఆ కిటికీ పక్కకి వస్తే, కారు సైకిలువాడికి ఎడమవైపున ఉంటుంది. అందుకునేది ఎడమచెయ్యి. కుడిచేత్తో అందుకోవాలంటే హ్యాండిల్ మీంచి, ఛాతీ మీంచి చెయ్యి అడ్డంగా తిప్పాలి. కొండ మలుపులో అలా చేస్తే పళ్ళు రాలతాయి.

మరి కుడిచెయ్యి అనగానే నాకెందుకు సరిగ్గా బొమ్మ కట్టింది? యూరప్ పత్రికల వల్ల! అక్కడ స్టీరింగు ఎడమపక్క. ఆ బొమ్మల్లో పందెగాడు ఎప్పుడూ కుడిచేత్తోనే బాటిల్ అందుకుంటాడు. ముప్పయ్యేళ్ళు ఆ బొమ్మలు చూసి, సైకిలు పందెం కారంటే నా బుర్రలో అదే కారు. పుట్టినప్పట్నుంచి కళ్ళముందు తిరుగుతున్న కార్లు ఆ క్షణాన గుర్తుకే రాలేదు. రాసినవాడు ఆ కొండ మీద లేడు. ఆ అబద్ధికుడూ నేనూ ఒకే బొమ్మలు చూసి పెరిగాం, అంతే.

“అలామక్!” అని కేకేసి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను. నాకప్పటికి యాభై దాటింది.

పద్మజకి చెప్పాను. ఆ అమ్మాయి రెండు నిమిషాలు కీబోర్డు టకటకలాడించి, “ఆ సందేశం పంపిన కంప్యూటరు మలేషియాలో లేదండీ. అసలు ఈ ఖండంలోనే లేదు” అంది. అప్పలనరసమ్మ నంబరు ఫోను మెషీన్‌లో ఉంది. చేశాను.

“అమ్మా, రోస్లాన్ మీ మలుపులోంచి వెళ్ళినప్పుడు కారు పక్కన ఉందా?”

“కారా? కారెక్కడిది బాబూ? జనం అడ్డంగా ఉంటే కింద మలుపులోనే ఆగిపోనాది. నాను సూసినాను కదా. ఆ బాబు ఒక్కడే వచ్చినాడు. నెత్తిమీద నాలుగు చెంబులు నీల్లు నానే పోసినాను.”

“చేత్తో ఏమైనా అందుకున్నాడా?”

“సెయ్యి తీస్తే పడిపోడా? రెండు సేతులూ హేండిల్ మీదే. కల్లతోనే దండం ఎట్టినాడు.” కాస్త ఆగి, “ఎవుడు బాబూ కారు ఉందన్నాడు?” అంది.

చెప్పాను. పైన పెట్టింది నేనేనని కూడా చెప్పాను.

“ఓర్నీ! సింగపూర్లో ఏసీలో కూకుని కొండ కతలు రాస్తన్నావేటి? నానిక్కడ ఉన్నాను కదా, నీ ఫోను నంబరు నాకు తెలుసు కదా, నా నంబరు నీకు తెల్దేటి? పెట్టకముందు ఒక్క మాట అడిగితే నీ సొమ్మేటి పోయింది?”

ఇటుకంత రూల్‌బుక్కులో ఈ ఒక్క ప్రశ్న ఉందా? ఉంటే ఆ పుస్తకానికి దండం పెడతాను.

అయిదున్నర

జెరాల్డ్‌కి అంతా చెప్పాను. విన్నాడు. ఆ తర్వాత గోడ వంక చూశాడు.

“అంకుల్, నిజమే కావచ్చు. కానీ మన సైటుకి ఇంత ట్రాఫిక్ ఎప్పుడూ రాలేదు. ఇవాళ ఉండనివ్వండి. రేపు కరెక్షన్ వేద్దాం లా. దానికీ ట్రాఫిక్ వస్తుంది.”

“రేపటికి ఆ కుర్రాడు పందెంలో ఉండడు.”

“మనం చెప్పలేదు కదా, ఒక అభిమాని చెప్పాడు.”

ఇదిగో, పిల్లలూ, ఈ మాట దగ్గర ఆగండి. మీ జీవితమంతా బాసులు మీకు ఇదే చెప్తారు. ‘మనం చెప్పలేదు, వాళ్ళు చెప్పారు.’ వెయ్యిమంది వెయ్యి మాటలంటారు. అందులో ఒకదాన్ని ఏరి నెత్తిన పెట్టింది ఎవరు? గాలి పెట్టిందా? జెరాల్డ్ చెడ్డవాడని నేననను. అంకె వంక చూసీ చూసీ మనిషి వంక చూడడం మరిచిపోయాడు. అలాంటివాళ్ళు చెడ్డవాళ్ళకంటే ఎక్కువ నష్టం చేస్తారు.

నేను అరిచాను. ఆఫీసంతా లేచి నిలబడింది. అతను మీటింగుందని గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. టైము అయిదున్నర. పద్మజ నా పక్కకొచ్చి మెల్లగా అంది.

“అరిచింది చాలండీ. పైనున్నది తియ్యడానికి మీ లాగిన్ చాలు. ఆయన పర్మిషన్ అక్కర్లేదు.”

“నీకెలా తెలుసు?”

“ఆ పేజీ రాసింది ఎవరనుకున్నారు?”

కూర్చున్నాను. పైనున్నదాన్ని తీసేసి, దాని చోట పెట్టడానికి ఆరు లైన్లు రాశాను. ఆ సందేశం అబద్ధమని, రాసినవాడు కొండమీద లేడని, పన్నెండో మలుపులో నీళ్ళు పోసిన మనిషి ఏం చూసిందో, కుడిచెయ్యి ఎందుకు కుదరదో రాశాను. చివర, ‘దీన్ని అడగకుండా పైన పెట్టింది నేను’ అని నా పూర్తి పేరు వేశాను. పద్మజ, “నొక్కండి అంకుల్” అంది. నొక్కాను.

రెండు నిమిషాలు పేజీ కదల్లేదు. తర్వాత వచ్చిపడింది చూడండి జడివాన! ‘కుడి చెయ్యి! కుడి చెయ్యి!’ అని ఒకడు. ‘నేను ఇంట్లో చీపురు పట్టుకుని చేసి చూశాను, కుదరదు’ అని ఇంకొకడు. ‘ఆ నీళ్ళు పోసినావిడ ఎవరు, ఆవిడకి జెర్సీ ఇవ్వండి’ అని టేబుల్ మీదెక్కిన కోలాలంపూర్ ఆవిడ. గోడమీద అంకె మధ్యాహ్నం కంటే పైకి పోయింది. జెరాల్డ్ తలుపు తీసుకుని వచ్చి ఆ అంకె చూసి, నన్ను చూసి, మళ్ళీ లోపలికెళ్ళాడు. తర్వాత రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఉద్యోగం మాత్రం పీకలేదు. అంకె నన్ను కాపాడింది, ఏం చేస్తాం.

నేనింకా క్షమించలేనిది ఒకటుంది. మధ్యాహ్నం ‘దొంగ’ అని తిట్టిన వందలమందిలో, పొరపాటైంది అని తిరిగి రాసినవాళ్ళు ముగ్గురు. లెక్కపెట్టాను. మిగతావాళ్ళు అదే చేత్తో ‘జిందాబాద్’ కొట్టారు.

ఆరుకి అయిదు నిమిషాలుందనగా జట్టు మేనేజరు ఫోను. “పేరు ఉంచాం. రోస్లాన్ మీతో మాట్లాడతానంటున్నాడు.”

రోస్లాన్ గొంతు చాలా చిన్నది. మలాయ్‌లో మాట్లాడాడు. “పక్‌చిక్, రాసినవాడెవడో నాకక్కర్లేదు. పైన పెట్టింది మీరేనట కదా?” పక్‌చిక్ అంటే బాబాయ్ అని. అంత జరిగాక కూడా ఆ పిలుపు తప్పలేదు.

“నేనే.”

“ఎందుకు పెట్టారు?”

నేనే చూసినట్టుగా అనిపించింది అన్నాను.

“ఎల్లుండి జొహోర్ బారులోంచి వెళ్తాం. మీకు దగ్గరే కదా. వచ్చి చూడండి” అని ఫోను పెట్టేశాడు.

జొహోర్ బారులో రెండు క్షణాలు

వెళ్ళాను. పద్మజ కూడా సెలవు పెట్టి వచ్చింది. బస్సులో వంతెన దాటి, ఎండలో తాడు వెనక నిలబడ్డాం. అన్నేళ్ళు సైకిళ్ళు బాగుచేశాను, అన్ని అరుపులు చదివాను, కానీ పెద్ద పందేన్ని రోడ్డు పక్కన నిలబడి చూడడం అదే మొదలు. ముందు పోలీసు మోటారుసైకిళ్ళు. తర్వాత దూరంనుంచి ఒక హోరు, వెయ్యి చక్రాల గొలుసుల చప్పుడు. మా పక్కన స్కూలు టీచర్లు, మార్కెట్టువాళ్ళు, ఒకతను భుజాన కోడిపెట్టతో సహా. అందరూ తాడు మీద పడ్డారు.

“అదిగో రోస్లాన్! ఎర్రజెర్సీ!” ఎవరో అరిచారు.

నా నోట్లోంచి వచ్చింది మాట కాదు. ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు, మలాయూ కాదు. ఎన్ని అచ్చులున్నాయో తెలియదు. గాలి మొహానికి కొట్టింది, రంగులు దాటిపోయాయి, రోడ్డు ఖాళీ. గొంతు బొంగురుపోయింది. పద్మజ నా చెయ్యి పట్టుకుని ఎగురుతోంది.

ఊపిరి అందాక అడిగింది, “అంకుల్, మనముందుకొచ్చినప్పుడు బాటిల్‌లో నీళ్ళు తాగుతున్నాడు కదా. ఏ చేత్తో పట్టుకున్నాడు?”

అడుగు దూరంలోంచి వెళ్ళాడు. రెండు కళ్ళూ తెరుచుకునే ఉన్నాను.

“చూడలేదమ్మా” అన్నాను.